డాక్టరు రాకముందే చనిపోయిన రోగి

మా తరంలో ఇంగ్లీషు వ్యాకరణం చదివిన ప్రతివాడికీ ఒక రోగి తెలుసు. డాక్టరు వచ్చేలోపే ప్రాణం విడుస్తాడు. ఏ గైడు తెరిచినా అతనే. ఆ పక్కనే, మనం స్టేషనుకు చేరేలోపే వెళ్లిపోయిన రైలు ఒకటి. పాస్ట్ పర్‌ఫెక్ట్, అంటే క్రియకు ముందు 'హ్యాడ్' పెట్టి చెప్పే భూతకాలం, మాకు ఈ చావూ ఆ రైలూ, అంతే. బడి వదిలి ఇన్నేళ్లయినా ఆ రోగికి శాంతి లేదు. దయ్యమై ఆఫీసు మెయిళ్లలో తిరుగుతున్నాడు.

ఎటు చూసినా 'హ్యాడ్'. 'హ్యాడ్ సెంట్', 'హ్యాడ్ డిస్కస్డ్', 'హ్యాడ్ అప్‌డేటెడ్'. నిన్న పంపినా, ఇప్పుడే పంపినా, దానికి ముందొక 'హ్యాడ్' తగిలించకపోతే మనవాళ్లకు తృప్తి ఉండదు. ఉత్త 'సెంట్' అని రాస్తే మరీ మొండిగా, అమర్యాదగా ఉంటుందన్న భయమేమో అని నా అనుమానం. కొత్త చొక్కా మీద కండువా వేసుకున్నట్టు.

నేనూ తక్కువేమీ తినలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో లండన్‌లో ఉండే ఒక క్లయింటుకు ఫైలు పంపుతూ, 'హ్యాడ్ అటాచ్డ్' అని రాశాను. ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు: "జతచేసి, తర్వాత తీసేశారా?" ఫైలు ఆ మెయిలు అడుగునే కనిపిస్తోంది. ఈయనకు చూపు తక్కువ కాబోలు అనుకుని, అదే ఫైలును మళ్లీ పంపాను. మళ్లీ 'హ్యాడ్'తోనే.

ఆయన అడిగినదాంట్లో వెటకారం లేదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. 'హ్యాడ్' ఒంటరిగా నిలబడే మాట కాదు. గతంలోనే జరిగిన మరో సంగతి దానికి తోడుండాలి. దానికంటే ఇది ముందు జరిగిందని చెప్పడమే 'హ్యాడ్' పని. ఆ రెండో సంగతి మనం చెప్పకపోతే, చదివేవాడు దానికోసం ఎదురుచూస్తాడు. జతచేశాను సరే, ఆ తర్వాత?

మనకు ఇది ఎందుకు తట్టదో తెలుగులో ఆలోచిస్తే తెలుస్తుంది. 'డాక్టరు వచ్చేసరికి రోగి చనిపోయాడు' అంటాం. చనిపోయాడు అన్నది మామూలు భూతకాలమే, దానికి ఏ అలంకారమూ లేదు. ఏది ముందో ఏది వెనకో తేల్చే భారమంతా 'వచ్చేసరికి', 'రాకముందే' మోస్తాయి. అంటే మనం ఆ బరువును డాక్టరు మీద పెడతాం, ఇంగ్లీషువాడు రోగి మీద పెడతాడు. ఈ ఒక్క ముక్క ఏ మాస్టారైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! చెప్పలేదు. పన్నెండు టెన్సులకు పన్నెండు గళ్ల పట్టిక ఇచ్చి బట్టీ పట్టమన్నారు.

నాకు అసలు కోపం ఆ పట్టిక మీదే. తెలుగు పీరియడులో తద్ధర్మ క్రియ అని చెప్పారు: సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి. గంట కొట్టగానే ఇంగ్లీషు మాస్టారు వచ్చి అదే సూర్యుణ్ణి సింపుల్ ప్రెజెంట్ పేరుతో మళ్లీ ఉదయింపజేశారు. రెండూ ఒకే ఊరి మనుషులని ఎవరూ పరిచయం చెయ్యలేదు. మన 'వస్తాడు' రోజూ వచ్చేవాడికీ సరిపోతుంది, రేపు వచ్చేవాడికీ సరిపోతుంది. అందుకే 'ఆయన రోజూ తొమ్మిదికి వస్తాడు' అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టేటప్పుడు 'విల్ కమ్' అని రాసి, పాపం రోజూ వచ్చే మనిషిని భవిష్యత్తులోకి నెట్టేస్తాం. 'నుంచి' కథా ఇంతే. 2021 నుంచి అంటాం, నాలుగేళ్ల నుంచి అంటాం. వాళ్లు మొదటిదానికి 'సిన్స్', రెండోదానికి 'ఫర్' అంటారు. పైగా 'ఇప్పుడు ఉంటున్నాను', '2021 నుంచి ఉంటున్నాను' రెండు చోట్లా మనకు ఒక్క 'ఉంటున్నాను' సరిపోతుంటే, వాళ్లకు రెండోచోట 'హ్యావ్ బీన్' కావాలి. ఇవి తెలివితక్కువ తప్పులు కావు. తెలుగు లెక్క ప్రకారం చూస్తే అన్నీ ఒప్పులే.

ఇక 'సెంట్', 'హ్యావ్ సెంట్' గొడవ. దీనికి నేను తెలుగులోనే ఒక ప్రశ్న వేసుకుంటాను: ఎప్పుడు? నిన్న, సోమవారం, 2019లో అని జవాబు వాక్యంలోనే ఉంటే 'హ్యావ్' జోలికి వెళ్లను. ఎప్పుడన్నది పక్కనపెట్టి, 'పంపాను, చూసుకోండి' అనే ధోరణిలో ఉంటే 'హ్యావ్' పెడతాను. నూటికి నూరుపాళ్లూ కుదురుతుందని కాదు గానీ, పన్నెండు గళ్ల కంటే నయం. అమెరికావాళ్లు 'ఇప్పుడే తిన్నాను' అనడానికి 'హ్యావ్' లేకుండానే కానిచ్చేస్తారు, బ్రిటిష్‌వాళ్లు ఎక్కువగా దాన్ని ఉంచుతారు. ఎవరికి రాస్తున్నామో చూసుకుంటే చాలు. 'లెర్న్‌ట్' రాయాలా 'లెర్న్‌డ్' రాయాలా అని తలలు పట్టుకునేవాళ్లను చూస్తే మాత్రం జాలేస్తుంది. బ్రిటన్‌లో రెండూ నడుస్తాయి, అమెరికాలో రెండోదే ఎక్కువ. 'లెర్న్‌ట్' కింద కంప్యూటర్ ఎర్రగీత గీసిందంటే అది అమెరికా లెక్కలో ఉందని అర్థం, మీకు చదువు రాదని కాదు.

మొన్న ఇంటర్ చదువుతున్న మా మేనకోడలు పుస్తకం పట్టుకొచ్చింది. "మామయ్యా, ఈ 'హ్యాడ్' ఎందుకు పెట్టాలి?" ఎంత సంబరపడ్డానో! కుర్చీ లాక్కుని మొదలుపెట్టాను: వచ్చేసరికి, రాకముందే, భారం డాక్టరు మీద, రోగి మీద, లండన్ క్లయింటు. కాఫీ చల్లారిపోయింది. అంతా విని, "అది సరే మామయ్యా, పరీక్షలో 'బిఫోర్' కనిపిస్తే దాని ముందున్న క్రియకు 'హ్యాడ్' పెట్టేయమని మా సారు చెప్పారు, పెట్టేయనా?" అంది.

పెట్టేయమన్నాను. పోయిన వారం పరీక్ష అయింది. రోగి ఈసారీ బతకలేదట, దానికి మాత్రం మార్కు వచ్చింది.