ఏక్యూఐ చూశారు సరే, ఎన్ని గంటలు పీల్చారు?

చలికాలం వస్తే చాలు, ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూసి "ఈరోజు ఫర్వాలేదు" అనుకోవడం మనకు అలవాటైంది. ఆ అంకె మీద నాకు కోపం లేదు. అదొక్కటే చూసి ఊపిరితిత్తులకు ఏమీ కాదని ధైర్యం తెచ్చుకోవడమే నాకు నచ్చదు.

మన దేశ ఏక్యూఐలో పీఎం 2.5ను, అంటే గాలిలోని అతి సన్నటి ధూళిని, 24 గంటల సగటుతో లెక్కిస్తారు. పంజాగుట్ట చౌరస్తాను కారు అద్దాలు ఎక్కించుకుని దాటేసేవాళ్లకీ, అక్కడే షిఫ్టంతా నిలబడే కానిస్టేబుల్‌కీ కనిపించేది ఒకే అంకె. లోపలికి దిగేది మాత్రం ఒకటి కాదు. గాలిలో ఎంత ఉంది, ఎంతసేపు పీల్చాం, ఎంత గట్టిగా పీల్చాం, ఇవన్నీ కలిస్తేనే డోసు. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి సరిపోతుంది. బస్తాలు మోసే హమాలీకి దానికి ఎన్నో రెట్లు కావాలి.

మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువుల మీద పనిచేసిన జర్మన్ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్, గాఢతను సమయంతో హెచ్చవేస్తే హాని ఎంతో తెలుస్తుందన్నాడు. అన్నిటికీ ఆ లెక్క కుదరదు. క్లోరిన్ లాంటి వాయువుల్లో గాఢత రెట్టింపైతే హాని రెట్టింపును మించిపోతుంది, కొద్ది నిమిషాలే చాలు. 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగ అయిదు రోజులే ఉంది, వేలమంది చనిపోయారు.

సన్నటి ధూళి పని నెమ్మది. శ్వాసనాళాల్లో పడిన దుమ్ములో చాలా భాగాన్ని కఫం ఒకటి రెండు రోజుల్లో పైకి నెట్టేస్తుంది. చివరి గాలిగదుల దాకా వెళ్లిన కణాలు పోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా రోజూ కొత్తవి చేరుతుంటే లోపలి వాపు తగ్గేదెప్పుడు? "దగ్గు రావట్లేదు కదా" అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ వచ్చేది ఇందుకే. దగ్గు మొదలయ్యేదాకా ఈ నష్టం ఆగి ఉండదు.

పీఎం 2.5కు మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరు గాలిలో రోజు సగటు 60 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 40. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవి 15, 5. ఒక రోజు తట్టుకోగలిగింది ఏడాది పొడవునా తట్టుకోలేం కాబట్టే రెండో అంకె తక్కువ. మన ఏడాది హద్దు వాళ్లదానికి ఎనిమిది రెట్లు ఉండటం నాకు అసలు మింగుడుపడదు.

గాలి బాగుపడితే ఫలితం కనిపిస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలో పిల్లల ఊపిరితిత్తులను ఏళ్ల తరబడి కొలిచారు. మురికి గాలిలో పెరిగినవాళ్లకు ఎదుగుదల తగ్గింది. గాలి శుభ్రపడ్డాక పెరిగిన పిల్లల్లో అది మెరుగైంది.

గాలి శుభ్రపడటానికి ఏళ్లు పడుతుంది, సరే. గంటలు తగ్గించడానికి అన్నేళ్లు అక్కర్లేదు. రద్దీ చౌరస్తాల్లో ఒకే మనిషిని రోజంతా నిలబెట్టకుండా డ్యూటీలు మార్చండి. మాస్కు ఇచ్చి చేతులు దులుపుకోకండి. రోడ్డు పక్క బడులు ఆటల పీరియడ్‌ను ట్రాఫిక్ ముమ్మరంగా ఉండే వేళ నుంచి జరపండి. కట్టెల పొయ్యి ముందు రెండు పూటలా కూర్చునే అమ్మలకు గ్యాస్ బండ కొనగలిగే ధరకు అందించండి. వంటింట్లో ఆ పొగ ఎంతుందో ఊళ్లోని ఏక్యూఐ మీటరు చెప్పదు.