నార్మా చంపింది హీరోయిన్‌ని కాదు

‘సన్‌సెట్ బులెవార్డ్’ సినిమా మీద ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. కాలేజీ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది. ప్రపంచ సినిమా అంతా చూశానని చెప్పుకునే ఒక మిత్రుడు కూడా రెండు దండాలు తగిలించి మరీ పంపాడు. ‘ప్రతి ఆడపిల్లా చదవాలి’ అని మొదలవుతుంది. సరే, చదివాను. రాసినవాళ్లు మాత్రం సినిమా చూసినట్టు లేరు.

అందులో ఉన్నది ఇదీ. 1950లో వచ్చిన ఈ సినిమా గ్లోరియా స్వాన్సన్ అనే నటి సొంత కథట. టాకీలు వచ్చాక గొంతు బాగాలేక ఆమెను పక్కన పెట్టేశారట. సినిమాలో ఆమె వేసిన నార్మా డెస్మండ్ అనే మాజీ మూకీ తార, ఒక కుర్ర హీరోయిన్ మీద కుళ్లుతో ఆ అమ్మాయిని చంపేస్తుందట. అభిమానులు మాత్రం చివరిదాకా ఉత్తరాలు రాస్తూనే ఉంటారట. ఆ తర్వాత స్వాన్సన్‌కు మంచి పాత్ర రాక, పేదరికంలో పోయిందట. ఇక నీతి: వయసైపోయిన నటి మర్యాదగా తప్పుకోవాలి, అది తెలియకే మన సావిత్రికీ ఆ గతి పట్టింది.

హత్యతో మొదలుపెడదాం, తొందరగా తేలిపోతుంది. నార్మా కాల్చేది జో గిల్లిస్ అనే రచయితను. సినిమా మొదలయ్యేదే ఈతకొలనులో తేలుతున్న ఆ మగవాడి శవంతో. ఐదు నిమిషాలు చూసినా చాలు. కుర్ర హీరోయిన్ అనేవాళ్లు కథలోనే లేరు. ఉన్నది బెట్టీ, స్టూడియోలో కథలు చదివి అభిప్రాయం చెప్పే ఉద్యోగి. ఆ అమ్మాయికీ ఒకప్పుడు నటి కావాలని ఉండేది. ముక్కు బాగాలేదన్నారు, సరిచేయించుకుంది. అప్పుడు నటన బాగాలేదన్నారు. యాభై ఏళ్ల నార్మాను ఎందుకు వద్దన్నారో ఇరవై రెండేళ్ల బెట్టీని చూస్తే అర్థమవుతుంది. మెసేజ్ రాసినాయనకు ఇద్దరి మధ్య కుళ్లు మాత్రమే కనిపించింది.

ఉత్తరాలా? అవన్నీ ఇంట్లో పనిచేసే మాక్స్ రాసినవే. కథలో అది పెద్ద మలుపు. దాన్నే అభిమానుల ప్రేమ అని రాశారంటే ఏమనాలి.

గొంతు సంగతి. స్వాన్సన్ మొదటి టాకీ 1929లో వచ్చిన ‘ది ట్రెస్‌పాసర్’. అందులో పాట కూడా పాడింది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. ఇంతకంటే చెప్పక్కర్లేదు.

‘సొంత కథ’ అన్నదాంట్లో మాత్రం గందరగోళానికి కారణం ఉంది. దాన్ని దర్శకుడు బిల్లీ వైల్డర్ కావాలనే పెట్టాడు. నార్మా తన పాత సినిమా వేసుకుని చూసుకునే సీన్లో కనిపించేది స్వాన్సన్ నిజంగా నటించిన ‘క్వీన్ కెల్లీ’. దాని దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమే ఇక్కడ మాక్స్. కానీ నార్మా మేడలో మగ్గిపోయినట్టు స్వాన్సన్ మగ్గలేదు. ఈ సినిమాకు ముందే, 1948లో, టీవీలో సొంత పేరుతో షో నడిపింది.

ఇప్పుడు అసలు విషం, ఆ నీతి.

మెసేజ్‌లో ఒక డైలాగ్ కూడా ఉంది: యాభై ఏళ్లు రావడంలో విషాదం లేదు, పాతికేళ్లలా ఉండాలనుకుంటేనే విషాదం అని. సినిమాలో ఆ మాట ఉంది, నిజమే. ఎవరన్నారు? జో. ఆమె ఇంట్లో ఉంటూ, ఆమె కొనిచ్చిన సూట్లు తొడుక్కుని, ఆమె డబ్బుతో నెలల తరబడి బతికి, వదిలి వెళ్లిపోతూ అన్న మాట అది. ఇలాంటి పెద్దమనిషి చెప్పింది సుభాషితంగా పంచుకుంటున్నాం.

తప్పుకోవడం తెలియదట! అసలు ఆమెకు నిజం చెప్పింది ఎవరు? పారమౌంట్ స్టూడియో నుంచి ఫోన్లు వస్తే తన కోసమే అనుకుని అలంకరించుకుని వెళ్తుంది. వాళ్లకు కావలసింది ఆమె పాతకాలపు కారు, అదీ అద్దెకు. సంగతి తెలిశాక కూడా దర్శకుడు సెసిల్ బి. డెమిల్ ఆమెతో చెప్పడు. ఆ డెమిల్ తన పాత్ర తనే వేశాడు. అప్పటికి అరవై ఏడేళ్లు. ‘సామ్సన్ అండ్ డెలీలా’ సెట్ మీద దర్జాగా కుర్చీలో కనిపిస్తాడు. 1956లో, డెబ్భై ఐదో ఏట, ‘ది టెన్ కమాండ్‌మెంట్స్’ విడుదల చేశాడు. ఆయన్ని మర్యాదగా తప్పుకోమని ఏ గ్రూపులోనూ మెసేజ్ రాలేదే!

అంత దూరం ఎందుకు? 1972 ‘బడిపంతులు’లో ఎన్టీఆర్ భార్య అంజలీదేవి, మనవరాలు శ్రీదేవి. 1979 ‘వేటగాడు’కి వచ్చేసరికి ఆ మనవరాలే హీరోయిన్. ఎన్టీఆర్‌కు అప్పుడు 56. అంజలీదేవి ఆయనకంటే నాలుగేళ్లు చిన్న. నేను ఎన్టీఆర్‌ను తప్పుపట్టడం లేదు, ఈల వేసింది మనమే. తప్పుకోవలసిన వయసు ఎవరికి ఎప్పుడొస్తుందో నిర్ణయించేదీ మనమే అంటున్నాను.

సావిత్రి గారిని ఇందులోకి లాగడం మరీ దారుణం. పోయేనాటికి ఆవిడకు యాభై కూడా నిండలేదు. ఏడాదికి పైగా కోమాలో ఉండి 1981 డిసెంబరులో పోయారు. సొంత సినిమాల నష్టాలు, చేజారిన ఆస్తులు, సంసారంలో దెబ్బలు, తాగుడు, వీటిలో ఏది వయసు తెచ్చిన కష్టం? కనీసం చనిపోయినవాళ్లనైనా మీ సుభాషితాలకు ఉదాహరణ చేయకండి.

ఒక్కటి మాత్రం మెసేజ్ సరిగ్గానే చెప్పింది. ఈ సినిమా తర్వాత స్వాన్సన్‌కు ఆ స్థాయి సినిమా పాత్ర మళ్లీ రాలేదు. ఇంకోటి నేనే చేర్చగలను: సినిమా కూడా నార్మా మీద పూర్తిగా జాలిపడదు. ఆమె వికారాన్ని మనకు వినోదంగానే వడ్డిస్తుంది. ఆఖరి క్లోజప్‌లో ఆమె కెమెరా మీదకు వస్తుంటే వణికిపోవడానికి అదీ ఒక కారణమే.

పేదరికం మాట అబద్ధం. నాటకాలు, టీవీ, బొమ్మలు చెక్కడం, 1980లో ఆత్మకథ, ఇన్ని చేసి 1983లో న్యూయార్క్‌లో 84వ ఏట పోయింది.

అన్నట్టు, మెసేజ్‌కు తగిలించిన ఫోటో స్వాన్సన్‌ది కాదు, బెట్టీ డేవిస్‌ది. ఆమె కూడా అదే ఏడాది ‘ఆల్ అబౌట్ ఈవ్’లో వయసు మీదపడుతున్న నటిగా వేసి, ఆస్కార్‌కు స్వాన్సన్‌తో పోటీపడింది. ఇద్దరికీ రాలేదు. అవార్డు 29 ఏళ్ల జూడీ హాలిడేకు వెళ్లింది. దయచేసి దీని మీద ఇంకో ఫార్వర్డ్ తయారు చేయకండి.