మెస్ పళ్ళెంలో లెక్క చూసుకోండి, స్టెరాయిడ్ సూది జోలికి పోకండి

తమ్ముళ్ళూ, ఒళ్ళు చేయాలనుకోవడంలో తప్పు లేదు. ఇంటర్ నుంచీ "గాలొస్తే ఎగిరిపోతావురా" అనిపించుకున్నవాడికి ఆ కోరిక ఎంత గట్టిగా ఉంటుందో అర్థమవుతుంది. నా కోపమంతా ఆ కోరికతో వ్యాపారం చేసేవాళ్ళ మీద.

మన విశాఖలో మద్దిలపాలెం, గాజువాక, ఎంవీపీ కాలనీ, ఎక్కడి జిమ్ చూసినా స్టూడెంట్లే. పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి, సాయంత్రం ఖాళీ కడుపుతో బరువులెత్తి, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూస్తే కండ ఎక్కణ్ణుంచి వస్తుంది? అది పెరిగేది తిండితో, నిద్రలో. రెండు నెలలయ్యేసరికి "నీకు సప్లిమెంట్ పడాలి" అంటాడు ట్రైనర్.

ముందు పళ్ళెం లెక్క చూడండి. 60 కిలోల కుర్రాడు బరువులెత్తుతుంటే కిలోకి 1.6 గ్రాముల చొప్పున రోజుకి 96 గ్రాముల ప్రోటీన్ చాలు. నాలుగు ఇడ్లీల్లో 8, రోజంతా తినే అన్నంలో (300 గ్రాముల బియ్యం) 20, రెండు పూటలా పప్పులో 14, కప్పు పెరుగులో 5. మొత్తం 47, అదీ పప్పు నీళ్ళలా లేకపోతేనే. మిగతా 49కి: మూడు ఉడికిన గుడ్లు 18, గుప్పెడు వేయించిన శనగలు 10, గ్లాసు పాలు 8, పాతిక గ్రాముల సోయా ముక్కలు 13. లెక్క సరిపోయింది. ఇడ్లీ బదులు పెసరట్టు తిన్న రోజు ఇంకా మేలు. ఆదివారం హార్బర్ నుంచి కానాగంత చేపలు తెచ్చుకుంటే పావుకిలో మాంసంలోనే 50 దాకా వస్తుంది.

ప్రోటీన్ పౌడర్ విషం కాదు, అవసరమూ కాదు. కొనాల్సి వస్తే డబ్బా వెనక చూడండి: 33 గ్రాముల స్కూప్‌లో 24 ప్రోటీన్ ఉంటే పర్వాలేదు. బరువు పెంచుతుందని అమ్మే మాస్ గెయినర్ పొడి అంటే చాలావరకు పిండిపదార్థమే, దానికన్నా అరటిపండ్లు నయం.

అసలు భయం స్టెరాయిడ్ సూదితోనే. బయటినుంచి టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) పడగానే, సరిపడా ఉందనుకుని మెదడు, వృషణాలకి పని చెప్పే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పంపడం ఆపేస్తుంది. వృషణాలు పని మానేసి చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి. మిగులు టెస్టోస్టిరాన్ ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌గా మారి ఛాతీ ఉబ్బుతుంది. అక్కడ గ్రంథి గట్టిపడిందంటే ఎన్ని పుషప్స్ తీసినా తగ్గదు, చివరికి ఆపరేషనే. స్టెరాయిడ్ మాత్రలైతే లివర్‌కి దెబ్బ. మత్తిచ్చినప్పుడు బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మెఫెంటర్మిన్‌ని 'పంప్' (కండ ఉబ్బినట్టు కనిపించడం) కోసం పొడుచుకునేవాళ్ళూ ఉన్నారు. దానితో కండ రాదు. అలసట తెలియదు, గుండె మాత్రం పరిగెడుతుంది, పైగా అలవాటైపోతుంది.

ఎంత పెరిగినా అద్దంలో బక్కగానే కనిపించడం, చొక్కా విప్పాల్సి వస్తుందని స్నేహితులతో యారాడ బీచ్‌కి వెళ్ళకపోవడం, ఒక్కరోజు జిమ్ తప్పితే పరీక్ష కూడా రాయలేకపోవడం... ఇది పొగరు కాదు, జబ్బు. మజిల్ డిస్మార్ఫియా అంటారు, మానసిక జబ్బుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే పుస్తకం, 2013 నాటి డీఎస్ఎం-5లో ఉంది. అలాంటివాణ్ణి ఎగతాళి చేయకండి, సైకియాట్రిస్ట్ దగ్గరికి తోడు వెళ్ళండి.

ఇప్పటికే సూది మొదలెట్టినవాళ్ళు సిగ్గుపడి దాచుకోవద్దు. హార్మోన్ల డాక్టర్ ఎండోక్రైనాలజిస్ట్‌ని కలవండి, మన పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. టెస్టోస్టిరాన్, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), లివర్, కొలెస్ట్రాల్ పరీక్షలు రాస్తారు. రక్తం పరగడుపున, పొద్దున పదిలోపే ఇవ్వాలి. వాడిన సీసా కూడా వెంట పట్టుకెళ్ళండి.