ఇవాళ ఊడే జుట్టుకి షాంపూ మీద కేసెందుకు?

దువ్వెనలో ఉండకట్టిన జుట్టు చూడగానే ముందు చేసే పని షాంపూ మార్చడం. నీళ్లు పడలేదనో, కొత్త కండిషనర్ పడలేదనో అనుకుంటాం. కానీ వెంట్రుక పెరగడం ఆపేసిన రెండు మూడు నెలలకి గానీ ఊడదు, అంటే బాత్రూమ్ జాలీకి ఇవాళ చుట్టుకున్న జుట్టు సంగతి తేలాలంటే క్యాలెండర్ వెనక్కి తిప్పాలి, అప్పుడు డెలివరీ అయిందా, గట్టి జ్వరమొచ్చిందా, గర్భనిరోధక మాత్రలు ఆపారా, కడుపు మాడ్చుకుని బరువు తగ్గారా అని. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎలాగూ మామూలే.

ఇలా ఊడింది చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. సరిగ్గా ఆ టైమ్‌లో ఏ సీరమ్ వాడుతుంటే పేరంతా దానికే పోతుంది! నన్నడిగితే సగం ప్రోడక్ట్‌లు బతికేది ఈ లెక్క మీదే.

ఇంకో రకం ఉంది, దానికి ఆగే ఓపిక పనికిరాదు. దువ్వెనలో పెద్దగా కనిపించదు, పాపిడి మాత్రం ఏడాదికేడాది వెడల్పవుతుంది, రబ్బర్ బ్యాండ్ రెండు చుట్లు సరిపోయేది మూడు తిప్పాల్సొస్తుంది, నుదుటి దగ్గర జుట్టు మాత్రం చాలామందికి అలాగే ఉంటుంది. దాంతోపాటు పీరియడ్స్ తప్పడం, గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు ఉంటే పీసీఓఎస్ (అండాశయాలకి సంబంధించిన హార్మోన్ల సమస్య) చూడాలి, ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు పెరిగితే గడ్డం మీద వెంట్రుకని లావు చేసేవే నెత్తిమీద కుదురుని సన్నం చేస్తాయి, అదే దీన్లో విచిత్రం. అయితే హార్మోన్ల రిపోర్ట్ నార్మల్ వచ్చినా పాపిడి పలచబడొచ్చు, చాలామందికి అలాగే వస్తుంది కూడా, అందుకని "రిపోర్ట్ బానే ఉంది, నీకే అలా అనిపిస్తోంది" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తే ఒప్పుకోనక్కర్లేదు.

థైరాయిడ్ తక్కువైనా ఎక్కువైనా తలంతా ఒకేలా పలచబడుతుంది, తక్కువైనవాళ్లలో కొందరికి కనుబొమ్మల చివర్లు కూడా. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. జుట్టు కోసమని ఎక్కువ డోసు బయోటిన్ (ఒక బి విటమిన్) మింగుతుంటే కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైనవాళ్లకి పెరిగే హార్మోన్) ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది, దాంతో హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ తక్కువ ఉన్న మనిషి రిపోర్ట్ కూడా చక్కగా కనిపించొచ్చు. ఊడే జుట్టుకని కొన్న బిళ్లే ఊడే కారణాన్ని దాచేస్తుందన్నమాట! బయోటిన్ లోపం నిజంగా ఉన్నవాళ్లు చాలా అరుదు. టెస్ట్‌కి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, వాడుతున్నట్టు డాక్టర్‌కి చెప్పాలి. ఐరన్ నిల్వ కోసం ఫెర్రిటిన్ కూడా అప్పుడే చూపించుకుంటే ఒక పనైపోతుంది.

మందు దగ్గర కూడా ఇదే ఆలస్యం. థైరాయిడ్ మాత్ర మొదలెట్టాక జుట్టుకి నెలలు పడుతుంది. పాపిడికి రాసే మినాక్సిడిల్ అయితే (గర్భంతో ఉంటే వద్దు) నాలుగు నుంచి ఆరు నెలలు, ఆపేస్తే వచ్చింది మళ్లీ పోతుంది. పైగా మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలొచ్చు, అది పాత వెంట్రుకలు తప్పుకుని కొత్తవాటికి చోటిచ్చే టైమ్, చాలామంది బాటిల్ అటకెక్కించేసేది కూడా అప్పుడే.