మబ్బుల్ని తరిమేది ఆ ఫ్యాన్లు కాదు

ఉమ్మడి అనంతపురం జిల్లాలో వాన ఓ పదిహేను రోజులు మొహం చాటేస్తే చాలు, వాట్సాప్‌లో పాత మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. ‘కొండల మీద ఫ్యాన్లు పెట్టినప్పటి నుంచే మనకు వానల్లేవు. మబ్బు రాగానే కరెంటిచ్చి వాటిని తిప్పుతారు, ఆ గాలికి మబ్బులు చెదిరిపోతాయి’ అని దాని సారాంశం. ఫ్యాన్లంటే కరెంటు తీసే గాలిమరలు. రచ్చకట్ట మీదా ఇదే మాట. చదువుకున్నవాళ్లు కూడా తలూపుతున్నారు కాబట్టి ఒక్కో ముక్కా తీసి చూద్దాం.

‘కరెంటిచ్చి తిప్పుతారు.’ తిరకాసంతా మనం పెట్టుకున్న పేరులోనే ఉంది. ఇంట్లో ఫ్యాను కరెంటు తిని గాలి ఇస్తుంది. కొండ మీదిది గాలి తిని కరెంటు ఇస్తుంది. దాని రెక్క విమానం రెక్కలా వంపు తిరిగి ఉంటుంది. గాలి తగిలితే ఒక పక్క ఒత్తిడి తగ్గి రెక్క అటు కదులుతుంది. పెద్ద మర నిమిషానికి పది, పదిహేను చుట్లు తిరిగితే గొప్ప. మీ సీలింగ్ ఫ్యాను మూడొందలు దాటుతుంది. స్తంభం మీద బస్సంత డబ్బా కనిపిస్తుంది చూడండి, సాధారణంగా అందులోని గేర్‌బాక్సే ఆ నెమ్మది చుట్లను వెయ్యి దాటించి జనరేటర్‌ని తిప్పుతుంది. కరెంటు కేబుల్లో కిందికి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా సబ్‌స్టేషన్‌కు పోతుంది. మెసేజ్‌లో చిటికెడు నిజం లేకపోలేదు. తలను గాలి వైపు మళ్లించే మోటార్లకు, కంట్రోల్ ప్యానెల్‌కు కాస్త కరెంటు కావాలి. అంతే.

గాలిలోని శక్తిని మర లాక్కుంటుంది కాబట్టి దాని వెనక గాలి జోరు తగ్గుతుంది. పెరగదు. ఎంత గొప్ప మరైనా 59.3 శాతానికి మించి లాగలేదని జర్మనీకి చెందిన బెట్జ్ 1919లోనే లెక్క తేల్చాడు.

‘మబ్బులు చెదిరిపోతాయి.’ మన కొండల మీది చాలా మరల రెక్క కొస కూడా నేల నుంచి 200 మీటర్లు దాటదు. వాన మబ్బు అడుగుభాగమే మామూలుగా అర కిలోమీటరు నుంచి రెండు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఉరుముల మబ్బు తల పది కిలోమీటర్లు దాటుతుంది. వరండాలో ఫ్యానేస్తే ఎదురింటి డాబా మీద ఆరేసిన చీర ఎగరదు కదా!

‘ఫ్యాన్లు జోరుగా తిరిగినప్పుడు వాన రాదు, ఆగినప్పుడే వస్తుంది. కళ్లారా చూశాం.’ ఇది మాత్రం కొట్టిపారేసే మాట కాదు. వాళ్లు చూసింది నిజమే, కారణం దగ్గరే పొరపాటు. ఆషాఢంలో శనక్కాయ చేలో నిలబడి చూస్తే నెత్తిన మబ్బులు పరుగులు పెడుతుంటాయి, రెక్కల నీడలు సాళ్ల మీద ఒకదాని వెనక ఒకటి దాటిపోతుంటాయి, చుక్క మాత్రం రాలదు. మబ్బునూ రెక్కనూ కదిలించేది ఒకే నైరుతి గాలి. అది పడమటి కనుమలు ఎక్కేటప్పుడే నీళ్లు దించేసుకుంటుంది. మంగళూరు వైపు ఏడాదికి 3,000 మిల్లీమీటర్లు దాటుతుంది, కనుమల చాటున ఉన్న మనకు 550 చిల్లర. ఇక్కడికొచ్చేది నీళ్లు తగ్గిన గాలే, కానీ జోరు మాత్రం ఉంటుంది. గాలి వేగం రెట్టింపైతే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి కంపెనీలు వెతుక్కుంటూ వచ్చింది ఆ జోరు కోసమే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఆ గాలి తగ్గుతుంది, ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. మనకు మంచి వానలు పడేదీ అప్పుడే. పొగ వల్లే నిప్పు పుట్టిందన్నట్టుంది మన తీర్పు.

మరల వల్ల వాతావరణంలో అసలు తేడానే రాదా అంటే, వస్తుంది. పైగాలీ కింది గాలీ కలిసిపోయి, రాత్రిళ్లు వాటి చుట్టుపక్కల నేల కాస్త వెచ్చబడటాన్ని అమెరికాలోని టెక్సాస్‌లో గమనించారు. దానికీ మబ్బుల్ని తరమడానికీ చాలా దూరం. కొండ మీదికి రోడ్డు వేసేటప్పుడు వంకకు అడ్డం కొట్టారా, భూమికి సరైన ధర ఇచ్చారా అని అడిగితే అందులో న్యాయం ఉంది. మబ్బుల గొడవలో పడి ఆ ప్రశ్నలే మరుగున పడుతున్నాయి.

‘పెట్టినప్పటి నుంచే.’ రామగిరి కొండల మీద మరలు లేచింది 1990లలో. ధాత కరువు 1876లో మొదలైంది, అప్పటికి ఇక్కడ ఏ ఫ్యానూ లేదు. ఇక 2021 నవంబరులో చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలంలో వరదలో చిక్కుకున్నవాళ్లను హెలికాప్టర్‌తో బయటికి తీయాల్సి వచ్చింది. రామగిరి ఆ పక్క మండలమే. ఫ్యాన్లు ఆ రోజూ కొండ మీదే ఉన్నాయి.