కరణం లెక్కల్లో లేని ముత్తాత చర్చి బీరువాలో దొరికాడు

మా ముత్తాత ఎప్పుడు పుట్టాడని నాయనమ్మని అడిగితే "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అంటుంది. ఏ గాలివానో ఆమెకీ తెలీదు. మొన్న వేసవిలో ఒంగోలు వైపు ఒక పల్లె చర్చిలో బీరువా తీయిస్తే, చెదలు సగం తినేసిన రిజిస్టర్‌లో ఆయన కనిపించాడు: 1927లో బాప్తిస్మం, వయసు సుమారు 16, పక్కన తండ్రి పేరు, ఊరు.

భూమి ఉన్నవాళ్లకి పట్టాలున్నాయి, కరణం లెక్కలున్నాయి, వంశావళి చదివే భట్రాజులుండేవాళ్లు. మాల మాదిగ పల్లెల్లో చాలా ఇళ్లకి ఇవేవీ లేవు, తాతల పేర్లు మొదటిసారి కాగితమెక్కింది చాలాచోట్ల మిషన్ రిజిస్టర్‌లోనే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, క్లౌ దొర నడిపిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది. కరువు కూడు కోసమే చేరారా, నమ్మి చేరారా అని ఇప్పటికీ కొట్టుకుంటుంటారు. ఊరి బయట ఉన్నవాళ్లని చివరి ఇద్దరిదాకా లెక్కపెట్టారు చూడండి, నాకైతే అదే పెద్ద సంగతి.

ఏ మిషనో తెలియకుండా వెతికితే మాత్రం తప్పులో కాలేస్తారు. బాప్టిస్టులు చిన్నపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి ఆ తేదీ చూసి పుట్టినరోజు అనుకోకూడదు. గుంటూరు లూథరన్లు, కేథలిక్కులు పసిబిడ్డలకీ ఇస్తారు, అలా పసితనంలో తీసుకున్నవాళ్లకి పుట్టిన ఏడాది దాదాపు తేలిపోతుంది. కేథలిక్ రిజిస్టర్‌లో ఇంకో సుఖం, బాప్తిస్మం నమోదు పక్కనే తర్వాత జరిగిన పెళ్లి కూడా రాయాలి, దాన్ని పట్టుకుని ఇంకో ఊరికి వెళ్లొచ్చు.

నేను వెళ్లగానే పాస్టరుగారు అడిగిన మొదటి మాట, "సర్టిఫికెట్ గొడవేమన్నానా బాబూ?" ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, మన దగ్గర బీసీ-సీలోకి వెళ్లాలి. అందుకే ఎన్నో ఇళ్లలో బడిలో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. వంశం తేల్చే పుస్తకమే ఉద్యోగం ఊడగొట్టే సాక్ష్యం కూడా అయితే దాన్ని ఎవరు బయటపెడతారు? డిజిటైజ్ చేయాలని తేలిగ్గా అనేస్తాం గానీ, ముందు ఈ టెన్షన్ సంగతి మాట్లాడాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరల బాప్తిస్మాల నకళ్లు అప్పుడే లండన్ చేరి, బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మనవాళ్లవి ఎక్కువగా ఆ బీరువాల్లోనే, చెదలతో.

ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చి నాయనమ్మకి చదివి వినిపించాను. తల్లి పేరు గడి ఖాళీ. ఆమె పేరేంటని అడిగితే కాసేపు ఆలోచించి, "అందరూ పెద్దవ్వ అనేవాళ్లురా" అంది.