పొట్టేలుకు బదిలీ ఎందుకు లేదు?

తహసీల్దారుకైనా, టీచరుకైనా, ఎస్సైకైనా బదిలీ తప్పదు. ఒకేచోట ఎక్కువకాలం ఉంటే స్థానికంగా సంబంధాలు పెరిగిపోతాయని నియమాలు రాసినవారి భయం. ఇంత ముందుచూపున్న వ్యవస్థ, స్థానికంగా సంబంధాలు పెంచుకోవడమే విధిగా ఉన్న ఒకే ఒక్క ఉద్యోగిని మాత్రం మరిచిపోయింది. ఆయనే విత్తన పొట్టేలు.

2017 జూన్‌లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు యూనిట్‌కి 20 గొర్రెలు, 1 పొట్టేలు అన్నారు. యూనిట్ ఖరీదు 1,25,000 రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ, లబ్ధిదారు కట్టాల్సింది 31,250. నిష్పత్తిలో వంక పెట్టడానికేమీ లేదు. తిండి సరిగ్గా ఉన్న పొట్టేలు 25–30 గొర్రెల్ని ఇబ్బంది లేకుండా చూసుకుంటుంది. నియామకపత్రంలో లేనిదల్లా రెండో ఏడాది సంగతి.

గొర్రె చూడి ఐదు నెలలు. పుట్టిన ఆడపిల్ల మేతనుబట్టి ఏడాదికో ఏడాదిన్నరకో ఎదకొస్తుంది. అంటే పొట్టేలు విధుల్లో చేరిన రెండేళ్లకల్లా సొంత కూతుళ్లే వరసలో ఉంటాయి. బదిలీ లేదు కాబట్టి ఆయన అక్కడే ఉంటారు. బంధుప్రీతి లేని మనిషి, ఎవరినీ వేరుగా చూడరు.

మేనరికాల దేశంలో ఈ లెక్క చెప్పడం తేలికే. బావామరదళ్లకు పుట్టిన బిడ్డలో అంతఃప్రజనన గుణకం, అంటే అమ్మవైపు నుంచీ నాన్నవైపు నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు అందే అవకాశం, 6.25 శాతం. మేనమామకి మేనకోడల్ని ఇస్తే 12.5. డాక్టర్లు వద్దు మొర్రో అని మొత్తుకునేది దీనికే. తండ్రీకూతుళ్ల సంతానంలో అది 25. దొడ్డిలో పిల్లకి తండ్రీ తాతా ఒక్కరే అయినా గొడవ రాకపోవడానికి కారణం, గొర్రెలు వరసలు పెట్టి పిలుచుకోకపోవడమే.

ఆ 25 శాతం ఫలానా రోజున దిగబడదు. ఓ ఏడు నాలుగు గొర్రెలు చూడి కట్టవు. మరో ఏడు పిల్లలు అరచేతిలో పట్టేంత పుడతాయి. ఒకదానికి కింది దవడ పొట్టి, గడ్డి కొరకలేదు. ఒక మగపిల్లకి ఒక బీజమే కిందికి దిగుతుంది. పక్క మందలో పిల్లలు తట్టుకున్న వానకి ఇక్కడివి తట్టుకోలేవు. ఒక్కొక్కటిగా వస్తాయి గనక ఒక్కోదానికి ఒక్కో నేరస్థుడు దొరుకుతాడు. చూడి కట్టకపోతే దాణా, పిల్లలు పోతే వాన, మొత్తంమీద దిష్టి. మంద నడుమ కూర్చుని నెమరేసుకుంటున్న అసలు ముద్దాయి జోలికి ఎవరూ పోరు. ఆయన పర్మనెంటు.

పక్కపక్క మందలు కలిసి మేసే ఊళ్లలో కొంత రక్తం మారుతూనే ఉంటుంది, నిజమే. అయితే అది పథకం గొప్పతనం కాదు, గొర్రెల చొరవ.

ఇక మన గర్వకారణం. 2019 పశుగణనలో తెలంగాణ 1.91 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం. 2012లో ఇవే 1.28 కోట్లు. ఆంధ్రప్రదేశ్ 1.76 కోట్లతో రెండో స్థానం. దేశంలోని 7.43 కోట్లలో దాదాపు సగం తెలుగు గొర్రెలే. ఇంత శుభవార్త మీద నీళ్లు చల్లడానికి జన్యుశాస్త్రం దగ్గర ఓ సూత్రం ఉంది. మగవాటి సంఖ్యని ఆడవాటితో హెచ్చించి, దాన్ని నాలుగింతలు చేసి, మొత్తం తలలతో భాగించాలి. వచ్చేది మందకున్న అసలు జన్యు బలం. మన యూనిట్‌కి వేస్తే 80ని 21తో భాగించాలి, వచ్చేది 3.8. లారీలోంచి దిగినవి 21, లెక్కలో తేలినవి నాలుగు కూడా కాదు.

ఇంకా బాధాకరమైన సంగతి ముందుంది. 5 పొట్టేళ్లు, 100 గొర్రెలున్న జాతికి ఈ లెక్కన 19 వస్తుంది. పొట్టేళ్లని అలాగే ఉంచి గొర్రెల్ని 10,000 చేశామనుకోండి, వచ్చేది 20. అంటే 9,900 గొర్రెలు కొని, మేపి, టీకాలేసి, ఫొటోలు దిగి, జాతికి కలిపింది ఒక్క తల. తరానికి అంతఃప్రజననం 1 శాతం దాటకూడదంటే ఈ సంఖ్య కనీసం 50 ఉండాలి. ఆడగొర్రెలతో అక్కడికి చేరే దారి లేదు. పొట్టేళ్ల సంఖ్య పెరగాలి, అవి ఒకదానికొకటి చుట్టాలు కాకూడదు.

పొట్టేళ్ల ఎంపిక విధానం కూడా చూడదగ్గదే. మంచి పాలున్న తల్లికి పుట్టి, మూడు నెలలకే కండపట్టి, కళ్లలో పడే మగపిల్ల బక్రీదుకో దసరాకో సంతకెక్కుతుంది. ధర బాగా పలుకుతుంది గనక కాపరిని తప్పుపట్టలేం. ఎవరికీ నచ్చక, ఎవరూ కొనక, మందలో మిగిలిపోయిన పీలపిల్ల మరుసటేడు విత్తన పొట్టేలవుతుంది. మెరిట్ ఉన్నవాడు మటన్, మిగిలినవాడు మేనేజర్. ఇలా పదేళ్లు నడిపి, మన జాతి గొర్రెలు బరువు రావడంలేదని, బయటి జాతి తేవాలని తీర్మానం చేస్తాం.

ఆ బయటి జాతి కథ దక్కని గొర్రెని అడగాలి. నల్ల ముతక ఉన్ని, వంపు ముక్కు, బక్క ఒళ్లు, మైళ్లకొద్దీ నడక. పాలమూరు, మెదకు బీళ్లలో ఎండిన గడ్డి తిని, రాత్రి వానలో చేనులో మంద వేసినా ఉన్ని కప్పుకుని నిలబడుతుంది. గొంగడికి గిరాకీ పడిపోయాక కత్తిరింపు కూలి కూడా ఉన్నిలో రాకుండా పోయింది. వెంటనే పరిష్కారం దొరికింది, ఉన్ని లేని నెల్లూరు పొట్టేళ్లు. నెల్లూరు గొర్రె మీద ఇక్కడ ఎవరికీ కోపం లేదు. దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె, జోడిపి, పల్ల, బ్రౌన్ అని మూడు రకాలు, తన నేలమీద దానికి సాటిలేదు. చిక్కంతా దాన్ని దక్కని మంద మీదికి డిప్యుటేషన్ మీద పంపి, వెనక్కి పిలవడం మరిచిపోవడంలో ఉంది. మొదటి తరంలో దక్కని వాటా సగం, రెండో తరంలో 25 శాతం, మూడో తరంలో 12.5, నాలుగో తరంలో 6.25. గొర్రెకి తరమంటే మూడేళ్లు వేసుకోండి. పన్నెండేళ్లలో ఒక్క గొర్రెనూ చంపకుండా ఒక జాతిని పూర్తి చేయవచ్చు. గణనలో గొర్రెల సంఖ్య తగ్గదు, పైగా పెరుగుతుంది.

పశ్చిమ బెంగాల్‌లో ఇంతకన్నా ముచ్చటైనది ఒకటుంది. సుందర్‌బన్స్‌లో గరోల్ అనే గొర్రె, పెరిగాక కూడా పది పదిహేను కిలోలే. చూసినవాళ్లు మెరుగుపరచాలనుకునేంత పొట్టి. కానీ ఈతకి రెండు మూడు పిల్లలు. 1790లలో బెంగాల్ నుంచి గొర్రెలు ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లాయి. తర్వాతెప్పుడో అక్కడి బూరూలా మెరినో మందలో కవలలు ఎక్కువేమిటా అని శాస్త్రవేత్తలు తలలు పట్టుకుని, 2001లో ఆ జన్యువుని పట్టుకున్నారు. అదే మార్పు మన గరోల్‌లోనూ తేలింది. మధ్యకాలంలో మనం విదేశాల నుంచి మెరినో, రాంబూలే, కారిడేల్ పొట్టేళ్లు తెప్పించుకునే పనిలో ఉన్నాం. ఉన్ని మెరుగుపడాలని. మహారాష్ట్రలో ఫల్టణ్‌లోని నింబ్కర్ సంస్థవారు మాత్రం గరోల్ నుంచి ఆ జన్యువుని దక్కనిలోకి తెచ్చి కవలలు పుట్టించారు. ఆ దక్కని మిగిలి ఉండబట్టి కుదిరింది.

వీర్యం ఫ్రీజ్ చేసి దాచుకుంటే పోలేదా అనేవారున్నారు. కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో ఆ పని చేస్తోంది, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో. తీసి వాడేటప్పుడే తంటా. ఆవుకి ఎక్కించినట్టు గొర్రెకి ఎక్కించడం కుదరదు, గర్భాశయ ముఖద్వారం మెలికలు తిరిగి గొట్టాన్ని లోపలికి పోనివ్వదు. పొట్టకి చిల్లుపెట్టి లాపరోస్కోపుతో వెయ్యాలి. మండల పశువైద్యశాలలో లాపరోస్కోపు సంగతి అలా ఉంచి, నైట్రోజన్ క్యాన్‌లో ఎంత మిగిలిందో స్కేలు ముంచి చూసే అలవాటుందేమో ముందు కనుక్కోవాలి.

కాబట్టి పొట్టేళ్ల బదిలీల ఉత్తర్వు ముసాయిదా ఒకటి ప్రభుత్వ పరిశీలనకు సమర్పిస్తున్నాం.

నాలుగు మందలు ఒక జోన్. ప్రతి 18 నెలలకి, మొదటి కూతుళ్లు ఎదకొచ్చే వేళకి, ఒకటో మంద పొట్టేలు రెండుకి, రెండోది మూడుకి, మూడోది నాలుగుకి, నాలుగోది ఒకటికి. తిరిగి సొంత మందకి రావాలంటే ఆరేళ్లు, ఆలోపే రిటైర్మెంటు. అదే ఊపులో 25 యూనిట్లు కలిస్తే 25 పొట్టేళ్లు, 500 గొర్రెలు, సూత్రం ప్రకారం 95. అవే జీవాలు, కొత్తగా కొన్నదేమీ లేదు, ఖర్చు ట్రాలీ ఆటో కిరాయి.

కారుణ్య నియామకాలు రద్దు. తండ్రి పనిచేసిన మందలో కొడుక్కి ఉద్యోగం లేదు. కొత్త పొట్టేలుని మూడు నెలల వయసులో తూచి, తల్లి పాలు చూసి, కవలల్లోంచి ఏరి, బక్రీదుకి ముందే చెవికి ట్యాగు వేసి, పక్క మందకి రాసివ్వాలి. ట్యాగు మీద 12 అంకెలు బాగానే ఉన్నాయి, తండ్రి నంబరు రాయడానికి కాపరి దగ్గర ఓ నోటుపుస్తకం కూడా ఉండాలి. ఐదారు నెలలకే మీసం దువ్వే మిగతా మగపిల్లలు అనధికార సిబ్బంది, వాటిని వేరే దొడ్డిలో పెట్టాలి.

చేరే ముందు మూడు వారాలు విడిగా ఉంచి, గర్భస్రావాలు తెప్పించే బ్రూసెల్లా బ్యాక్టీరియాకి రక్తపరీక్ష చేయించి, బీజాలు రెండూ సమానంగా, గడ్డలు లేకుండా ఉన్నాయో చేత్తో తడిమి చూడాలి. వీర్యం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది గనక దాణా పెంచేది రెండు నెలల ముందు, ముందురోజు కాదు. మధ్యలో గట్టి జ్వరం వస్తే ఆ రెండు నెలలూ మళ్లీ మొదటికి.

పనితీరు మదింపుకి కమిటీ అక్కర్లేదు. పసుపు రంగు నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకి పూస్తే, దాటిన గొర్రె నడుం పసుపవుతుంది. ఎద చక్రం 17 రోజులు, కాబట్టి 17వ రోజున జాజుకి మారాలి. లేతరంగు ముందు, ముదురు తర్వాత, లేకపోతే రెండోది కనబడదు. పసుపు మీద జాజు పడినవి రెండో మూడో అయితే పరవాలేదు. అన్నీ ఎర్రబడితే పొట్టేలు హాజరు వేసుకుంటోంది గానీ పని జరగడంలేదు.

ముందుపళ్లు అరిగి, సందులు పడి, గడ్డి కొరకలేని రోజున పదవీ విరమణ. పెన్షన్ లేదు. వీడ్కోలు విందుకి విడిగా బడ్జెట్ కూడా అడగనక్కర్లేదు.